బ్యాటరీ లేని దీపం

మంథనిలో సైకిళ్లు, ఆయిలింజన్లు బాగుచేసే రాజలింగు అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అడగనిది చెప్పేవాడు కాదు. ఆ గుణం జగపతిరావు దొరకు నచ్చింది. తన జాగాలోనే కొట్టం వేసుకోనిచ్చాడు. మిలిటరీ వేలంలో కొన్న పాత మోటారు సైకిలును ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. కొట్టం పోతే రాజలింగుకు పనీ లేదు, తల దాచుకునే చోటూ లేదు.

యాభై ఏడో సంవత్సరం వానాకాలంలో బండి బ్యాటరీ చచ్చిపోయింది. దొర పెద్దపల్లికి కోర్టు పని మీద పోవాలి. రాజలింగు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టి కిక్కు కొట్టాడు. బండి అందుకుంది. ఇంజన్‌కు కావలసిన నిప్పును దాని మాగ్నెటోయే పుట్టిస్తుంది, బ్యాటరీతో పని లేదు. దీపానికి మాత్రం డైనమో ఒక్కటే దిక్కు. ఇంజన్ జోరుగా తిరిగితే వెలుతురు, నెమ్మదిస్తే చీకటి.

"నడుస్తదారా?" అన్నాడు దొర, బండెక్కి కూర్చుని.

"నడుస్తది దొరా."

దీపం సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బయలుదేరిన మనిషితో చీకటి మాట, పడే మాట అనకూడదు. "ఎక్కడికి" అని కూడా అడగని ఊరు అది. పైగా దొర. రాజలింగు పక్కకు జరిగాడు.

ఆ సాయంత్రం పొద్దు మునిగాక, గొర్లను ఇంటికి తోలుకొస్తున్న అంకయ్యకు వాగు మలుపులో ఇంజన్ చప్పుడు వినిపించింది. బండి తంగేడు పొదల్లో నిలువునా ఇరుక్కుని, పైన మనిషి లేకుండా, నింపాదిగా కొట్టుకుంటోంది. దొర కింద రాళ్లలో ఉన్నాడు. అంకయ్య లైటు మీది స్విచ్చి అటూ ఇటూ తిప్పాడు. చప్పుడు ఆగలేదు. "మనిషి పోయిండు, బండి పాణం పోతలేదు" అంటూ ఊళ్లోకి ఉరికాడు. రాజలింగు వెళ్లి ప్లగ్గు వైరు పీకి ఆపాడు. ఆ మలుపులో ఎవరైనా బండి నెమ్మది చేస్తారు. చేయగానే ఏమై ఉంటుందో అక్కడున్నవాళ్లలో అతనొక్కడికే తెలుసు.

నెల మాసికం అయ్యాక దొర భార్య ఇందిరాదేవి కబురు పంపింది.

"బండిని రోజొక్కసారి స్టార్టు చెయ్యి. తుప్పు పట్టద్దు."

"బ్యాటరీ లేదు దొర్సానీ" అన్నాడు, తప్పించుకుందామని.

"ఆ పొద్దు ఉండెనా?"

రాజలింగు బండిని వాకిట్లో స్టాండు మీద నిలబెట్టి కిక్కు కొట్టాడు. మసక చీకటి పడింది. ఎదురు గోడ మీద తెల్లటి వెలుతురు లేచింది. పనిమనిషి మల్లక్క చేట పట్టుకుని లోపలికి జరిగింది. "పీనుగ లేసి కూసున్నట్టున్నది. నీకు భయం లేదారా లింగా?"

"జర తగ్గించు" అంది ఇందిరాదేవి.

తగ్గించాడు. వెలుతురు పసుపుపచ్చనై, ఎర్రనై, నిప్పు కణికంత అయి ఆరిపోయింది. ఇంజన్ మాత్రం చీకట్లో కొట్టుకుంటూనే ఉంది.

"పెంచు."

గోడ మీదికి వెలుతురు వచ్చింది, అందులో ఆమె నీడ కూడా.

"తగ్గించు."

రెండోసారి ఆరాక ఆమె పెంచమనలేదు.

"గీ ముచ్చట నీకు ముందే ఎరుకనా?"

కాదంటే నమ్మేది. మిషన్ల సంగతి ఆమెకేం తెలుసు. కొట్టం నిలిచేది.

"ఎరుకే దొర్సానీ."

"మరెందుకు చెప్పలే?"

"బైలెల్లిన మనిషికి అసొంటి మాట ఎట్ల చెప్త?"

ఇంజన్ చప్పుడు మీదుగా ఆమె గొంతు మామూలుగా, కూర సంగతి మాట్లాడినట్టు వినిపించింది.

"వానమొగులు పట్టింది, ఆగుమందామని నేను దర్వాజ దాంక వచ్చిన. ఎనక నుంచి పిలువద్దని ఊకున్న."

అతను చీకట్లో ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు.

"పెంచు రాజలింగూ."

పెంచాడు. వెలుతురు లేచేసరికి ఆమె గోడ దగ్గర లేదు. ముందు చక్రానికి జానెడు దూరంలో నిలబడి, రెప్ప వేయకుండా దీపంలోకే చూస్తోంది.

"రేపు గూడ గీ యాల్లకే రా" అంది. కొట్టం మాట ఎత్తలేదు.

రాజలింగు మర్నాడు వెళ్లాడు. ఆ తర్వాత రోజూ వెళ్లాడు. తగ్గించమన్నప్పుడు తగ్గించేవాడు, దీపం ఆరాక పెంచమనేదాకా కదలకుండా కూర్చునేవాడు. చీకట్లోంచి ఆమె పిలుపు ఏ పొద్దుకాపొద్దు అతనికి ఇంకో అడుగు దగ్గరగా వినిపించేది.