రాయి ఆరనీ వదినా

ఆయన్ని సోమరిపోతు అన్న నోరు నాది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

కమలాపురం రోడ్డు పక్కన సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. మా ఇంటాయనకు చిన్ననాటి స్నేహితుడు. మా ఆయన పోయినాక, ఏడాది తిరిగేలోపల సమాధికి పెట్టాలని ఒక నాపరాయి తీసుకుపోయి ఆయనకే ఇచ్చాను. నాకు చదువు రాదు. మా ఆయన పేరొక్కటే గుర్తుపడతాను.

ఎప్పుడు పోయి అడిగినా ఆ రాతి మీద చెంబెడు నీళ్లు పోసి, తువ్వాలుతో మెల్లగా తుడిచేవాడు.

"తడిగా ఉండాది. ఆరనీ వదినా, సోమవారం చెక్కుతా."

"ఈ ఎండకు మనుషులే ఎండిపోతాండారు, నీ రాయి ఆరదా అప్పా?" అని ఎగతాళి చేశాను. తర్వాత తిట్టాను కూడా.

ఏడాది దినం రేపనగా పోయి, కదలకుండా ఎదురుగా కూర్చున్నాను. ఎవరిదో రాయి చకచకా చెక్కి పక్కన పెట్టాడు. మా రాతికి ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"పేరు చెక్కితే వాడు పోయినట్టే గదా వదినా. నా చేత్తో ఎట్ల చెక్కేది?"

ఇంకొకరితో చెక్కించుకుందామని రాయిని ఆటోలో ఇంటికి తెచ్చేశాను. నాలుగేండ్లయింది. ఆయనా పోయినాడు. రాయి మా వాకిట్లో గోడకు ఆనించి ఉంది.

"ఎప్పుడు చెక్కిస్తావు మా?" అని కూతురు అడిగినప్పుడల్లా, చెంబెడు నీళ్లు పోసి కొంగుతో తుడుస్తాను.

"ఆరనీ పాపా," అంటాను.