పొద్దు చూసి చెప్పిన ప్లీడరు

మొన్న గురువారం సంధ్యావేళ, కర్నూలు న్యాయవాదులలో అగ్రగణ్యులు, నాకు గురుతుల్యులు అయిన వీరశేఖరరెడ్డిగారు పరమపదించారన్న వార్త విని నిశ్చేష్టుడనయ్యాను. ఆ ఉదయమే కోర్టు వరండాలో నా భుజం తట్టి పలకరించిన మనిషి. మృత్యువు ఇంత నిశ్శబ్దంగా వస్తుందని అనుకోలేదు.

ఆయన వాదనాపటిమను స్మరించేవారు అనేకులుంటారు. చిరకాలం ఆయన వద్ద జూనియరుగా ఉన్న నేను మరొక సంగతి చెప్పాలి.

కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయిన కొత్తలో ఆయనకు తీరికన్నది లేదు. భోజనం దగ్గర కూడా దస్త్రాలు చదివేవారు. ఒకసారి ఆ దంపతులతో నేనూ అద్దె కారులో అహోబిలం వెళ్లాను. నల్లమల కనబడగానే ఆయన సతీమణి ఓబుళమ్మగారు, "ఇట్ల చూడండి, కొండ మీద మబ్బు యెట్ల కూచోనుండాదో" అన్నారు. "ఈ కాగితం కానీ, చూస్తా" అన్నారాయన తలెత్తకుండానే. కాగితం ముగిసేసరికి కారు మలుపు తిరిగింది.

మరుసటి ఏడు నీటికాసుల వ్యాధితో ఆ సాధ్వికి చూపు పూర్తిగా పోయింది. మద్రాసు వైద్యులు సైతం చేయగలిగిందేమీ లేదన్నారు. అక్కడినుంచి తిరిగివచ్చిన సాయంత్రం ఆమె వసారాలో కూర్చుని, "ఆకాశం యెట్లుండాది?" అని భర్తను అడిగారు.

"మామూలుగానే ఉండాది."

"మామూలంటే నాకు కనపడదు. రంగు చెప్పండి."

ఎంతటి మొండి సాక్షి చేతనైనా నోరు విప్పించే ఆ వాగ్మి రంగు పేరు వెతుక్కుంటూ లేచారు. వాకిట్లోకి వెళ్లి, పడమటి దిక్కు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

నాటినుంచి సంధ్యావేళ ఆయనకు దస్త్రం లేదు, కక్షిదారు లేడు. ఒకనాడు నందికొట్కూరు మోతుబరి ఒకాయన ఆదరాబాదరాగా వచ్చాడు. మరునాడే అతని పొలం దావా విచారణ.

"కూచో అప్పా" అన్నారు ప్లీడరుగారు. "నీ దావా యాడికీ పోదు. పొద్దు పోతాండాది."

మోతుబరి విసుగ్గానే కూర్చున్నాడు. రెడ్డిగారు భార్యకు చెప్పసాగారు: "పొద్దు కుంకుమ మాదిరి ఉండాది. హంద్రీ ఏటి నీళ్లు గూడా ఎర్రబారినాయి."

కాసేపటికి మోతుబరే కల్పించుకున్నాడు. "కుంకుమ కాదు తల్లీ, పండు మిరపకాయ రంగు. కింద రవ్వంత పసుపు గూడా ఉండాది."

ఓబుళమ్మగారు నవ్వారు. "ఈ సాక్షి శానా బాగా చెప్తాండాడు" అన్నారు. చీకటి పడేదాకా అతడు దావా మాటెత్తలేదు.

"ఇంకొకరికి చెప్పాల్సొస్తే గానీ మనం దేన్నీ సరిగ్గా చూడమప్పా" అని రెడ్డిగారు మాతో తరచూ అనేవారు. తొలకరి చినుకు పడితే మా చేత చట్టం పుస్తకాలు మూయించి వాకిట నిలబెట్టేవారు.

మొన్న సాయంత్రమూ వసారాలో కూర్చుని చెబుతున్నారట. "మబ్బు అంచున..." అని ఆగిపోయారట. సరైన మాట కోసం వెతుకుతున్నారనుకుని ఆమె ఎదురుచూశారట.

పరామర్శకు వెళితే ఓబుళమ్మగారు నా గొంతు గుర్తుపట్టి, "నాయనా, ఆ పొద్దు మబ్బు అంచున ఏముండిందో నువ్వేమన్నా చూసినావా?" అని అడిగారు. నేను చూడలేదు. అక్కడ చేరిన న్యాయవాదులలో ఎవరూ చూడలేదు.

ఈ ఊరిలో ప్లీడర్లకు కొదవ లేదు. ఆ తల్లికి ఆకాశం చెప్పే మనిషి మాత్రం ఇక లేరు. ఆ పుణ్యమూర్తి పాదాలకు మొక్కుతున్నాను.