రేకు గోడ

మా వీధిలో అందరికీ ఆమె అక్క. వాళ్లాయన రేకుల మేస్త్రి, ఇనుప బీరువాలూ తలుపులూ చేసేవాడు. నిచ్చెన మీంచి పడి నడుం విరిగాక మంచానికే అంటుకుపోయాడు. నొప్పి లేచిందంటే ఆయన అరుపు వీధిలోకి వినిపించేది.

ఒంట్లో బాగున్న రోజుల్లో ఆయనే ఇంట్లోని పొడుగాటి గదిని రెండు చేశాడు. అటూ ఇటూ ఇనుప రేకు, మధ్యలో దూది కూరి బిగించాడు. తలుపూ ఇనుపదే. “చెవి ఆనించినా అవతలి మాట వినపడదు,” అని వచ్చిన ప్రతివాడికీ తట్టి మరీ చూపించేవాడు.

ఇంట్లోంచే ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం అక్కకి దాదాపు వచ్చినట్టే. పరీక్ష ఒక్కటే మిగిలింది. గంటసేపు ఫోన్లు అందుకోవాలి. లైను తెగకూడదు, వెనకాల చప్పుడు రాకూడదు. ఇది పోతే బయటికి పనికెళ్లాలి, అప్పుడు మేస్త్రిని పక్కకి ఒత్తిగిలించే దిక్కు కూడా ఉండదు.

రౌటరు కొనడానికి నన్ను తోడు తీసుకెళ్లింది. “మధ్యలో గోడలెన్ని?” అని అడిగాడు కొట్టతను. “గోడే లేదండీ,” అంది అక్క. నేనూ తలూపాను. జానెడు మందం కూడా లేనిది గోడెలా అవుతుందనుకున్నాం, ఇద్దరికి ఇద్దరం సరిపోయాం! అయితే చిన్నది చాలన్నాడు.

ఇంటర్నెట్ తీగ లాగినవాడు మేస్త్రి మంచం పక్క కిటికీలోంచి తెచ్చి, రౌటరు అక్కడే తగిలించాడు. ఇవతలి గదికి పొడిగించాలంటే వారం పడుతుందని చెప్పి చక్కా పోయాడు. రౌటరు అడుగున ఉన్న పాస్‌వర్డు నేను చదువుతుంటే అక్క ల్యాప్‌టాప్‌లో కొట్టింది. పచ్చ దీపం వెలగగానే నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

ల్యాప్‌టాప్ ఇవతలి గదిలోకి తెచ్చి తలుపు వేశాం. లైను పోయింది. బల్ల మీద పెట్టాం, కిటికీలో పెట్టాం, చివరికి నేను నెత్తిన ఎత్తుకుని నిలబడ్డాను. లాభం లేదు. పరీక్షకి టైమైపోతోంది.

“ఏం చెయ్యనే నేనిప్పుడు!” అంది అక్క.

తలుపు తీసి లైను పోయిందని చెబితే లోపల్నించి మేస్త్రి అన్నాడు, “రేకు అడ్డం. నా చేతి పని, చీమ కూడా దూరదు. నువ్వే ఇటొచ్చి కూర్చో.”

“మరి మీకు నొప్పొస్తే?”

“నా తిప్పలు నేను పడతాగా.” తువ్వాలు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు.

పరీక్ష సగంలో ఉండగా నొప్పి లేచింది. మెడ నరాలు ఉబ్బి, కళ్లు తేలేశాడు. నేను ఆయన కాళ్లు గట్టిగా పట్టుకున్నాను. అక్క అటే చూస్తూ, “చెప్పండి సార్, మీ ఇబ్బందేంటి?” అంది తియ్యటి గొంతుతో. నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో ఆమె ఒక చెయ్యి ఆయన చేతిని గట్టిగా పట్టుకుని ఉండటం చూసి సిగ్గుపడ్డాను.

ఉద్యోగం వచ్చింది. రేపట్నుంచే చేరమన్నారు. అక్క ఆయన నోట్లోంచి తువ్వాలు లాగింది. దానికి నెత్తురు అంటింది.

“రోజూ ఎంతసేపు?” అన్నాడు మేస్త్రి.

అక్క ఏడుస్తూ చెంగుతో ఆయన మూతి తుడిచింది. “పొద్దున్నించీ సాయంత్రం దాకా,” అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు.

“అయితే అది ఉతికి ఆరెయ్. రేపటికి కావాలి.”