సుమతి ప్లేట్లలో నేను కలిపింది

ఏళ్ళుగా ఈ సంగతి గొంతుకు అడ్డంపడి ఉంది. లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోయంబత్తూరులో బూజుల మీద పరిశోధన చేసే ల్యాబులో పనిచేశాను. బూజు పెంచడానికి ప్లేట్లలో పోసే మీడియం, అంటే బూజు తిండి, అందరికీ నేనే కాచేవాణ్ణి. అందులో ఏముందని ఎవరూ అడిగేవారు కాదు. అది అక్కడి అలవాటు.

అక్కడ పరిశోధన చేసే సుమతి చిన్నమనూరు పిల్ల. మావాళ్ళే, తమిళనాట ఉన్నా ఇంట్లో తెలుగే. వాళ్ళ తోటలో ద్రాక్షను కుళ్ళబెట్టే బూజునే తెచ్చి పరిశోధనకు పెట్టుకుంది. బూజు కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. పెరగాలంటే ఆ గోడను తనే తెంచుకుని, మళ్ళీ తనే అతుక్కోవాలి. ఆ పని చేసేది ఫలానా ప్రోటీన్ అని సుమతి నమ్మకం. అది లేకుండా తను తయారుచేసిన బూజు పగిలిపోతే, ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే మందు వెతకవచ్చు. వాళ్ళ నాన్న తోట నిలుస్తుంది.

ఒక మీటింగులో నేను ఆ ప్రోటీన్ గురించి ఏదో అడిగాను. “ఈ అన్న మా వంట మాస్టరు, ఉప్పూ కారం చూసుకుంటే చాలు” అని సుమతి నన్ను చూపి అందరి ముందూ తమిళంలో అంది. నవ్వారు. ప్రొఫెసర్ కూడా. ఇంకెవరైనా అంటే ఓర్చుకునేవాణ్ణేమో.

ఆ వారమే ఆమె మీడియంలో సార్బిటాల్ కలిపాను. తియ్యటి పొడి, కరిగితే కనిపించదు. అది ఉంటే నీళ్ళు కణంలోకి అంతగా తోసుకురావు. గోడ బలహీనమైనా కణం పగలదు. సుమతికీ ఇది తెలుసు, అందుకే వేయవద్దని ముందే చెప్పింది. ప్రోటీన్ ఉన్న బూజూ, లేని బూజూ సమానంగా పెరిగాయి. మళ్ళీ పోయమంది. మళ్ళీ కలిపాను. మొదటిసారి కోపమే. రెండోసారి? ఆ గోడ ఎంతవరకు నిలబడుతుందో చూడాలని ఆమె కంటే ముందే ప్లేట్ల దగ్గరికి పోయాను. దాన్ని ఏమనాలి?

“అన్నా, మీడియంలో ఏమన్నా మార్చితిరా?” అని అడిగింది.

“వంటోణ్ణి గదమ్మా. నాకేం తెలుసు?”

సుమతి చేతిలోని ప్లేట్లు బల్ల మీద పెట్టింది. “ఆ మాట ఇంకా మనసులో పెట్టుకోనుండారా? తమాషాకి అంటిని అన్నా. సరి, పోనీ. నేను అనుకున్నదే తప్పు.”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆమె అన్నది క్షమాపణలా లేదని, గొణుగుడులా ఉందని పట్టుదలకు పోయాను.

ఆ పని అక్కడితో ఆగిపోయింది. ప్రొఫెసర్ వేరే పని ఇస్తానన్నా వద్దని, సుమతి అవినాశిలో బట్టల మిల్లులో రంగులు పరీక్షించే ఉద్యోగానికి పోయింది. వాళ్ళ నాన్న ద్రాక్షతీగలు పీకించి కొబ్బరి పెట్టాడని విన్నాను.

ఆమె వెళ్ళాక, మిగిలిన, ఆ ప్రోటీన్ లేని బూజును ఏమీ కలపని మీడియంలో వేసి మైక్రోస్కోపులో చూశాను. పోగుల కొనలు బుడగల్లా ఉబ్బాయి. ఒక్కొక్కటే పగిలాయి. భోజనానికి పిలిచినా లేవకుండా చూస్తూనే ఉన్నాను. అంత వింత మళ్ళీ చూడలేదు. చూడవలసిన మనిషి అక్కడ లేదు. నేను ఆమెకు కబురైనా పెట్టలేదు.

ఆ ప్రోటీన్ లేకపోతే ఆ బూజు బతకదు. ఈ వాక్యం సుమతి రాయవలసింది. నేను రాస్తున్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి నాకేమీ రావలసింది లేదు.