ఎవురు నేర్పినారప్పా?

పోయిన ఆదివారం మధ్యాహ్నం, హోసూరులోని మా ఇంటి ముందు గదిలో, మా అమ్మాయి తన స్నేహితురాలితో కూర్చుని స్టీలు పళ్ళెంలో పాచికలు వేసింది. నేను లోపలి గదిలో ఆ నెల ఇంటి ఖర్చు కూడుతున్నాను. స్టీలు చప్పుడు పలుచనిది, పుట్టగానే ఆగిపోతుంది. నా చెవులకు అలవాటైనది ఇత్తడి చప్పుడు. అది పాచిక నిలిచిన తరువాత కూడా కాసేపు గదిలో ఉండేది. అయినా నా కూడిక తప్పింది. మొదటినుంచి కూడితే మళ్ళీ తప్పింది. పెన్ను పక్కన పెట్టి రామనాథన్నను తలచుకోక తప్పలేదు.

రామనాథన్న కృష్ణగిరిలో పంపుసెట్లు, పైపులు అమ్మే అంగడికి యజమాని. తాతల కాలంనుంచి వ్యాపారం చేసిన కుటుంబం. నేను ఆయన గోడౌనులో సరుకు చూసే పనికి చేరి, నా డైరీల ప్రకారం పన్నెండేళ్ళకు కాస్త తక్కువగా ఆయన దగ్గర ఉన్నాను. బెంగళూరులో చదువుకునే రోజుల్లో ఆయనకు ఒక ఆట పట్టుబడింది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషిగా ఆ కథలో తిరుగుతారు. తలపెట్టిన పని నెరవేరిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. అంగడి మూసే ఆదివారం మధ్యాహ్నాల్లో గోడౌను మేడమీద ఆయన ఆ ఆట ఆడించేవారు. పాచికలు పడేది వాళ్ళ తాతగారి తక్కెడ తాలూకు ఇత్తడి తట్టలో. ఆడేవాళ్ళం ముగ్గురం: ఆయన మేనల్లుడు కిశోరు, పక్క వీధి బడిలో పాఠాలు చెప్పే సరోజమ్మ, నేను.

ఆటలో ఆయన సొంతంగా పెట్టిన నియమం ఒకటి ఉంది. కత్తి, మంత్రం, బలం ఇవన్నీ తరువాతి మాట. ముందుగా, కల్పించిన మనిషికి రెండు పాత విద్యలు ఇవ్వాలి. అంటే కథ మొదలయ్యేనాటికే వాడి చేతికి వచ్చిన పనులు. కథలో ఆ పని అవసరపడినప్పుడు పాచికలో పడ్డ అంకెకు మరికొంత కలుస్తుంది. అయితే విద్యను కాగితంమీదికి ఎక్కించే ముందు, వాడు దాన్ని ఎవరి దగ్గర నేర్చాడో చెప్పి తీరాలి. తనంతట తానే నేర్చుకున్నాడనే జవాబు చెల్లదు. "చేతికి పని ఊరికే రాదప్పా, ఎవురో ఒకరు పెట్టిపోవాల" అనేవారు ఆయన.

మొదటి ఆదివారం నేను నా మనిషికి పటాలు గీయడం, లెక్కలు కట్టడం అని రాసుకున్నాను.

"ఎవురు నేర్పినారప్పా వానికి?" అని అడిగారు రామనాథన్న.

"వాళ్ళ నాయన," అన్నాను.

"వాళ్ళ నాయన ఏం చేస్తా ఉన్నాడు?"

మా నాన్న మా ఊరు అత్తిముగంలో గొర్రెలు కాసేవాడు. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. రామనాథన్న నా కాగితం అందుకుని, నేను రాసినవాటిమీద సన్నగా గీత గీసి, తన ముత్యాలవంటి అక్షరాలతో 'గొర్రెల కాపు, పసరు వైద్యం' అని రాశారు. "నీకు తెలిసిన పనే ఇచ్చినాను మునిరాజప్పా. ఆట సులువుగా ఉంటాది." ఆ గొంతులో ఉన్నది దయే.

కిశోరు తన మనిషికి ఓడ నడపడం, రత్నాల బేరం రాసుకున్నాడు.

"డ్యాము నీళ్ళు తప్ప సముద్రం మొగం చూసినావా కిశోరూ?" అంది సరోజమ్మ.

"మా మామ చూసినాడు కదక్కా, చాలదా?"

రామనాథన్న నవ్వారు. "బేరం మా ఇంటోళ్ళకి ఎవురూ నేర్పే పన్లేదమ్మా. పుట్టుకతోనే వస్తాది." నియమం ఆ ఒక్క కాగితానికి సడలింది. ఆనాటి డైరీలో నేను తిన్న బజ్జీల సంగతి కూడా ఉంది, ఈ మాట మాత్రం లేదు.

అయినా ఆయన నాకిచ్చినదాన్ని తక్కువ చేసి చెప్పలేను. ఒక వారం కథలో మా ముగ్గురి పాత్రలూ మందతో సహా ఉరవడిగా పారే ఒక వాగు దాటవలసి వచ్చింది. "కాపరివి నువ్వే కదా, ఎట్ల దాటిస్తావు?" అని ఆయన నన్నడిగి, జవాబుకు వచ్చే ఆదివారం దాకా గడువిచ్చారు. నేను అత్తిముగం వెళ్ళి మా నాన్నను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అంగట్లో పైపులు అమ్మేవానికి గొర్రెలతో ఏం పని పడిందిరా?"

"చెప్పు నాయనా, ఆటకి కావాల."

"కుందారపల్లికాడ పెద్ద రోడ్డు దాటిస్తాను కదా, వాగైనా అంతే. ఎనకనుంచి తరిమితే చెదిరిపోతాయి. ముందుపోయేదాన్ని పట్టుకోవాల. దాన్ని నువ్వు నమ్మితే అది నిన్ను నమ్ముతాది. దాన్ని చూసి మిగిలినవి వస్తాయి."

తరువాతి ఆదివారం అదే చెప్పాను. రామనాథన్న ఆట పుస్తకం మూసేసి, "ఇంకా చెప్పప్పా" అన్నారు. పొట్టేలి మెడ ఎలా పట్టుకోవాలో, కాలిగిట్ట పగిలితే ఏ ఆకు కట్టాలో చాలాసేపు చెప్పాను. పాచికలు వేయకుండానే మంద వాగు దాటిందని ఆయన తీర్పు ఇచ్చారు. మా నాన్న విద్యను ఒక చదువుకున్న మనిషి అంత శ్రద్ధగా వినడం నేను అంతకుముందు చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆయన కోసం ఏ పనైనా చేసేవాణ్ణి.

బాగలూరులో పూలతోటలు పెరిగి, బిందుసేద్యం పైపులకు గిరాకీ వచ్చినప్పుడు, అక్కడ రెండో అంగడి తెరవాలన్న ఆలోచన నాదే. తోట తోట తిరిగి, ఎవరికి ఏ పంపు కావాలో రాసుకుని వచ్చాను. అప్పటికి పోస్టు ద్వారా అకౌంట్లు చదివి పరీక్ష గట్టెక్కాను. గుమాస్తా సెలవు పెట్టిన నెలల్లో అంగడి లెక్కలు నేనే మూసేవాణ్ణి. కొత్త అంగడి నా చేతికి వస్తుందని ఇంట్లో చెప్పి ఉంచాను. మా నాన్న ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు.

రామనాథన్న నన్ను పిలిచి కూర్చోబెట్టి, కాఫీ తెప్పించారు. "బాగలూరులో గల్లాపెట్టె కిశోరు చూసుకుంటాడు. నువ్వు తోటలకాడికి పోయి రైతులతో మాట్లాడు మునిరాజప్పా. వాళ్ళు నిన్ను నమ్మినట్ల మమ్మల్ని నమ్మరు. ఆ విద్య నీకుంది."

"లెక్కలు కూడా నేర్చుకున్నానన్నా."

"నేర్చుకున్నావు, కాదంటినా? ఎవురు నేర్పినారు?"

"నేనే నేర్చుకున్నాను."

ఆయన హాయిగా నవ్వి, కాఫీ గ్లాసు నా వైపు జరిపారు. "ఆ జవాబు చెల్లదని నీకు తెలుసు కదప్పా."

అది పరిహాసమేనని ఆయన అనుకున్నారు. నేనూ కాఫీ తాగాను.

ఆ వారం ఆటలో నా పాత కాగితం పక్కన పెట్టి, కొత్త మనిషిని కల్పిస్తానన్నాను. పాత విద్యలు చెప్పమన్నారు. "అంగడి నడపడం, లెక్కలు చూడడం" అన్నాను. అలవాటుగా, తలెత్తకుండానే ఆయన అడిగారు: "ఎవురు నేర్పినారప్పా?"

"రామనాథన్న అని ఒక శెట్టి. కృష్ణగిరిలో అంగడి. వానికి అన్నీ ఆయనే నేర్పినాడు."

సరోజమ్మ పాచికలను గుప్పిట్లో బిగించింది. కిశోరు కిటికీ వైపు తిరిగాడు. నియమం ప్రకారం ఆ జవాబులో లోపం లేదు. అది అబద్ధం కూడా కాదు. సరుకు లెక్క, కొనేవాడి ముఖం చదవడం, మాట ఇచ్చే ముందు ఆగడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చాను. ఆయన కలం కాగితంమీద ఆనించి చాలాసేపు ఉంచారు. అక్కడొక చుక్క మాత్రం పడింది.

"ఇది ఆటప్పా," అన్నారు చివరికి. "అంగడి మాటలు అంగట్లో."

"అంగట్లో మీరు ఆట మాట చెప్పినారు కదన్నా" అన్నాను. నేను మెట్లు దిగి వచ్చేశాను. నెల తిరగకుండా హోసూరులో ఒక కర్మాగారంలో లెక్కల విభాగంలో చేరాను. మా నాన్న మళ్ళీ ఎప్పుడూ బాగలూరు అంగడి మాట ఎత్తలేదు. ఊళ్ళో ఎవరైనా ఎత్తితే మందను ఇంకో దారిన తోలుకుపోయేవాడని తరువాత తెలిసింది.

రామనాథన్న చెడ్డవారై ఉంటే నా కోపం ఇన్నేళ్ళు నిలిచేది కాదు. ఆయన తనకు తెలిసినంతలో నాకు మేలే చేశానని నమ్మి పోయారు. రెండేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు కృష్ణగిరి వెళ్ళాను. కిశోరు నా చేతులు పట్టుకుని, "మామ నిన్ను శానా తలుచుకునేవాడు మునిరాజన్నా, గొర్రెల సంగతి నీలాగ చెప్పేవాడు లేడని" అన్నాడు. ఇత్తడి తట్ట అంగడి అరలో ఉంది. దాన్నిండా బోల్టులు పోసి ఉన్నాయి.

పోయిన ఆదివారం కూడిక వదిలేసి ముందు గదిలోకి వెళ్ళాను. మా అమ్మాయి స్నేహితురాలు అదే రకం ఆటకు కొత్త పాత్ర తయారు చేస్తున్నది. వాళ్ళమ్మ బాగలూరు తోటల్లో పూలు కోసే కూలికి వెళుతుంది. కాగితంమీద గుండ్రటి అక్షరాలతో 'నక్షత్రాలు చూసి దారి చెప్పడం' అని రాసి, నాకు చూపించింది.

"బాగుందా అంకుల్?"

బాగుంది అనడానికే నోరు తెరిచాను. "ఎవురు నేర్పినారమ్మా?" అని వినిపించింది. గొంతు నాదే, దయ కూడా అదే.

ఆ అమ్మాయి కాగితం వైపు చూసుకుంది. తరువాత రబ్బరు అందుకుంది. "చెరపొద్దు తల్లీ, ఊరికే అడిగినాను" అంటూ నేను చెయ్యి చాచేసరికే నక్షత్రాలు సగం పోయాయి.