తెల్ల బొంతకు ఎర్ర ముక్క

మా అత్త బుచ్చవ్వకు డెబ్బై రెండేళ్లు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. ఇప్పుడు బల్కంపేటలో మాతోనే ఉంటుంది. నాకు అమీర్‌పేటలో బ్లౌజుల దుకాణం ఉంది. రోజుకు ఎనిమిది జాకెట్లు కుడతాను. అయినా ఆమె లెక్కలో నాకు కుట్టు రాదు.

"కుట్టేది మిషిను. తొక్కేది నువ్వు" అంటుంది. ఒళ్లు మండుతుంది. కానీ ఆమె కుట్టిన బొంత కప్పుకుంటే మాత్రం లేవబుద్ధి కాదు.

మొన్న వేసవిలో పై అంతస్తు నవోమి మూడు తెల్ల చీరలు తెచ్చింది. గుంటూరు పిల్ల, పంజాగుట్టలో ల్యాబ్‌లో పని. అప్పుడు ఏడో నెల. వాళ్లమ్మ పోయి ఏడాదైంది. ఆదివారాలు ఆమె చర్చికి కట్టుకెళ్లిన చీరలవి.

"మామ్మగారూ, పుట్టబోయే బిడ్డకు వీటితో బొంత కుడతారా? అమ్మవి ఇవే మిగిలాయి" అంది.

"గివేనా? గట్లయితే కత్తెర నేనే పట్టుకుంట. రజనీ, నువ్వు ముట్టకు" అంది మా అత్త. చూడండి నా గతి!

చీరలు గంజి పోయేదాకా జాడించి, ఆరేసి, నేల మీద పొరలుగా పరిచింది. నడుమ నుంచి అంచుల వైపు కచ్చాకుట్టు వేసుకుంటూ పోయింది. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా మధ్యకు చేరి ఉబ్బుతుందట. ఆ తర్వాత అసలు కుట్లు, ఒక్కోటి బియ్యపు గింజంత. లావు దారమైతే పసి ఒంటికి ఒత్తుకుంటుందట. ఇంట్లో మిషన్ ఆపి మరీ విన్నాను. ఈ మాట ఆమెకు చెప్పకండి.

అంతా అయ్యాక గొణుగుడు మొదలైంది. "పసిబిడ్డ మీద ఉత్త తెల్లగుడ్డ కప్పుతరా ఎవలన్న?" మా ఇళ్లలో తెల్లగుడ్డ కప్పేది పోయినవాళ్లకే. నవోమిని అడగమన్నాను. వింటేగా! ఎర్ర నూలుగుడ్డ తెచ్చి, రంగు దిగకుండా ఉప్పునీళ్లలో నానబెట్టి, అరచేతంత ముక్కను బొంత నడుమ కుట్టేసింది.

నవోమి చూసి పాలిపోయింది.

"తెలుపంటే అమ్మకు పండగ, మామ్మగారూ. ఈ ఎరుపు అమ్మది కాదు" అని ఏడ్చేసింది.

"నేను మొత్తుకున్న గద అత్తమ్మా!" అని నేను ఎగిరాను. మా అత్త బ్లేడు తీసుకుంది. నాకే భయమేసింది. ఒక్కో కుట్టే తెంపింది. ముక్క ఊడింది. దాని కింద చీరకు ఓ చిరుగు, ఆ చిరుగు మీద నీలం దారంతో వంకరటింకర రఫూ.

"గిది కనబడొద్దని సుత ఏసిన బిడ్డా. ఎవ్వలు చేసిండ్రో గానీ, మస్తు అధ్వానంగుంది."

నవోమి ఏడుస్తూనే పకపకా నవ్వింది. "అమ్మే! కుట్టడం అస్సలు రాదు. తెల్ల దారం అయిపోతే, నా స్కూలు గౌనుకు గుండీలు కుట్టే దారంతో గబగబా కుట్టేసి చర్చికి పరిగెత్తింది. నేను మర్చేపోయాను ఇది."

నాలుక కరుచుకుంది మా అత్త. "మరి ఉంచాల్నా, తియ్యాల్నా? నువ్వే జెప్పు" అంది. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, ఆమె ఒకరిని అడగడం నేను చూడనే లేదు.

ఉంచారు. ఆ నీలం కుట్ల చుట్టూ తెల్ల దారంతో వరసలు తిప్పింది తప్ప, ఒక్క కుట్టూ వాటి మీదుగా పోనివ్వలేదు.

పాప పుట్టిన పదో రోజు చూడటానికి వెళ్లాం. బొంత మీద బోర్లా పడుకోబెట్టిన పాప గుప్పిట విప్పి, నవోమి ఆ వంకర కుట్ల మీద పెట్టింది.

"ఇదిగో, అమ్మమ్మ" అంది.