అల్ ఖూజ్ నుంచి అబుదాబికి నాలుగు టాబర్డులు

మా ఆసుపత్రి వార్షికోత్సవానికి పాత ఇంగ్లండు వీరుల నాటకం వేద్దామని మేట్రన్‌గారు అన్నప్పుడు, బట్టల బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. ఆవిడది ఇంగ్లండే. ఆ కాలం వీరులు ఇనప కవచం పైన తొడుక్కునే టాబర్డు బొమ్మ గీసిచ్చారు. ఛాతీ మీదికి ఒక గుడ్డ ముక్క, వీపు మీదికి ఒక ముక్క, పక్కలు ఖాళీ, ముందువైపు సింహం. "అవి రాకపోతే నాటకమే లేదు" అన్నారు. నాటకం శనివారం. శుక్రవారం పొద్దున్నే బయల్దేరాను.

అబుదాబి నుంచి బస్సుకు పదిహేను దిర్హాములు. అప్పటికింకా మెట్రో లేదు కాబట్టి దుబాయ్‌లో దిగి టాక్సీలో అల్ ఖూజ్ వెళ్లాను. నమాజు అయ్యేదాకా వర్క్‌షాపులు తెరవరని తెలియక ఎండలో నిలబడ్డాను. నెల్లూరు ఖాదర్ భాయ్ అక్కడ కార్మికుల యూనిఫాంలు కుడతారు. బొమ్మ ముందే పంపి నాలుగు టాబర్డులు ఆయనకే కుట్టమన్నాను. మూట విప్పారు. ఎర్రటి గుడ్డ, ముచ్చటైన సింహాలు. ప్రతి సింహానికీ పైనా కిందా వెండి మెరుపు పట్టీలు, అచ్చం రోడ్డు పనివాళ్ల జాకెట్లకు ఉన్నట్టే!

"ఇదేంటి భాయ్, ఈ పట్టీలేంటి?"

"ఛాతీ మీద ఏసుకునేదానికి పట్టీ లేకుంటే మా ముదీర్, అదే మేనేజరు, వాపస్ కొడతాడు సిస్టరమ్మా. చెయ్యి అలవాటైపోయుండాది. విప్పమంటే విప్పుతా."

"విప్పితే కుట్టు చిల్లులు కనపడవా?"

"కనపడతాయి మా."

ఏడుపొక్కటే తక్కువ. ఆ పట్టీలతోనే మూట కట్టించుకున్నాను.

తిరుగు ప్రయాణం షేర్ టాక్సీలో, ఇరవై అయిదు దిర్హాములు. పఠాన్ డ్రైవరు, నేను, ఇంకో ఇద్దరు. దారిలో ఘంతూత్ ఊరు దాటాక, పొద్దుగూకే వేళ కారు ఆగిపోయింది. లైట్లూ వెలగలేదు.

"బాజీ, ఇంజన్ ఖలాస్!" అన్నాడు పఠాన్.

కిందికి దిగితే లారీలు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. అప్పుడు మూట గుర్తొచ్చింది. "పహనో, సబ్ పహనో!" అంటూ తలా ఒకటి ఇచ్చి, నేనూ తొడుక్కున్నాను. పఠాన్ గడ్డం కింద సింహం తొంగిచూసింది. హెడ్‌లైట్లు పడగానే మా నలుగురి ఛాతీలూ ధగధగలాడాయి. లారీలు దూరం నుంచే పక్క వరుసలోకి జరిగాయి. కాసేపటికి ఇంకో టాక్సీ ఆగి మమ్మల్ని ఎక్కించుకుంది. హమ్మయ్య!

శనివారం మేట్రన్‌గారు పట్టీలు చూసి కనుబొమలెత్తారు. జరిగింది చెప్పాను. "వీటితో బతికొచ్చావు కదా, అలాగే ఉండనీ" అన్నారు. స్టేజీ మీద ఆ పట్టీలు మెరిసినప్పుడల్లా అందరూ నవ్వారు, నేను మాత్రం ఖాదర్ భాయ్ అలవాటుకు దండం పెట్టుకున్నాను. ఆ రోడ్డున వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కారులో మెరుపు పట్టీల జాకెట్ ఒకటి పెట్టుకోండి. సింహం లేకపోయినా ఫర్వాలేదు.